సొంత లైనక్స్ కెర్నెల్ కట్టాక రామ్‌డిస్క్ దగ్గర బూట్ ఆగిపోతే: ఎక్కడ ఆగిందో పట్టుకుని సరిచేసే పద్ధతి

భీమవరం, కాకినాడ, అమలాపురం వైపు ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళ నుంచి వచ్చే ప్రశ్న ఇంచుమించు ఒకటే. ‘కెర్నెల్ కంపైల్ అయిందండీ, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, రీబూట్ చేస్తే నల్ల తెర మీద ఆగిపోయింది.’ కింద ఫోన్‌తో తీసిన ఫొటో ఉంటుంది, అందులో అసలు మెసేజ్ సగం కోసుకుపోయి ఉంటుంది. ఇప్పుడేం చేస్తున్నావంటే, ‘మళ్ళీ కంపైల్ పెట్టానండీ’ అంటారు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో అది ఒక పూట పని. అయ్యాక కూడా అదే తెర, అదే మెసేజ్.

ఇలాంటప్పుడు లోపం ఎక్కువగా కెర్నెల్‌లో ఉండదు. దానితో పాటు లోడ్ కావాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజిలో, అంటే అసలు డిస్క్ అందేదాకా కెర్నెల్ మెమరీలో వాడుకునే చిన్న ఫైళ్ళ మూటలో ఉంటుంది. రామ్‌డిస్క్ అన్నా, ఇనిట్‌ఆర్‌డీ అన్నా ఇక్కడ అదే. శివారు చేలకు నీరు అందకపోతే కాలువంతా మళ్ళీ తవ్వరు కదా, ధవళేశ్వరం వైపు నుంచి ఒక్కో లాకూ చూసుకుంటూ దిగి ఎక్కడ ఆగిందో పట్టుకుంటారు. బూట్‌కి కూడా నాలుగు లాకులున్నాయి:

1. గ్రబ్ (ఏ కెర్నెల్‌తో బూట్ కావాలో మెనూ చూపే ప్రోగ్రాం) కెర్నెల్‌నీ, రామ్‌డిస్క్‌నీ మెమరీలోకి తేవడం.
2. కెర్నెల్ ఆ ఇమేజిని విప్పడం.
3. అందులోని /ఇనిట్ ప్రోగ్రాం మొదలవడం.
4. /ఇనిట్ అసలు డిస్క్‌ని వెతికి, మౌంట్ చేసి, మిగతా పని దానికి అప్పగించడం.

ఏ అంచెలో ఆగిందో తెలిస్తే చాలామటుకు పది నిమిషాల పని.

కమాండ్లూ ఫైళ్ళ పేర్లూ పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి, పెద్దక్షరం కావాల్సిన చోట చెబుతాను. ఉదాహరణలు డెబియన్, ఉబుంటు, మింట్‌లకు. ఫెడోరా, ఆర్చ్ వాళ్ళకు చివర్లో కొంచెం ఉంది.

1. మొదలుపెట్టే ముందు

పాత కెర్నెల్‌ని ముట్టుకోవద్దు. కొత్తది చెడితే వెనక్కి రావడానికి ఉన్న దారి అదొక్కటే. గ్రబ్ మెనూ కనబడకుండా నేరుగా బూటయ్యే మెషీన్ అయితే /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్లో టైమవుట్ స్టైల్‌ని మెనూ అనీ, టైమవుట్‌ని 10 అనీ మార్చి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టండి.

సోర్స్‌ని గిట్‌తో మొత్తం చరిత్రతో క్లోన్ చేయకండి. అది జీబీల్లో ఉంటుంది, మొబైల్ డేటా మీద బతికేవాళ్ళకు రోజు కోటా ఒక్క దెబ్బకి అయిపోతుంది. కెర్నెల్ డాట్ ఆర్గ్ నుంచి ఎక్స్‌జెడ్ టార్‌బాల్ దింపుకుంటే 150 ఎంబీ అటూ ఇటూ.

ఇక కరెంటు. వేసవిలోనూ, గాలివాన రోజుల్లోనూ డెస్క్‌టాప్ మీద పని చేసేవాళ్ళు యూపీఎస్ లేకుండా దిగొద్దు. కంపైల్ మధ్యలో పోతే పెద్ద నష్టం లేదు, మళ్ళీ ‘మేక్’ కొడితే ఆగిన చోటి నుంచి సాగుతుంది. లింకింగ్ దగ్గర ‘ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్’ అంటే మాత్రం కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైల్ ఒకటి మిగిలిందన్నమాట. ఆ ఒక్క ఫైల్ తీసేసి మళ్ళీ కొట్టండి. రామ్‌డిస్క్ రాసేటప్పుడు పోతే కథ వేరు. /బూట్‌లో సగం ఇమేజి మిగులుతుంది, పేరూ తేదీ చూస్తే సవ్యంగానే కనబడుతుంది.

చూసుకోవాల్సినవి:

- పాత కెర్నెల్ మెనూలో ఉందా, దానితో బూట్ అవుతోందా?
- లైవ్ యూఎస్‌బీ ఒకటి చేతిలో ఉందా?
- ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ కొడితే కనీసం 300 ఎంబీ ఖాళీ ఉందా?
- సోర్స్ ఉన్న పార్టిషన్‌లో 30 జీబీ దాకా ఖాళీ ఉందా?
- సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా? ‘మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ చెబుతుంది. ఆన్‌లో ఉంటే సంతకం లేని మీ కెర్నెల్‌ని గ్రబ్ లోపలికి రానివ్వదు. ప్రయోగాల మెషీన్ అయితే బయోస్‌లో ఆఫ్ చేసుకోండి.

2. కాన్ఫిగ్‌లో రామ్‌డిస్క్‌కి కావలసినవి

ఖాళీ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టడం వీరత్వం తప్ప మరేం కాదు. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగ్‌ని /బూట్ నుంచి తెచ్చి డాట్-కాన్ఫిగ్‌గా పెట్టుకుని ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ కొట్టండి. ఆ తరువాత ‘మేక్ మెనూకాన్ఫిగ్’ తెరిచి కింది వాటిని కళ్ళతో చూడండి:

- జనరల్ సెటప్‌లో ‘ఇనీషియల్ ర్యామ్ ఫైల్‌సిస్టమ్ అండ్ ర్యామ్ డిస్క్ సపోర్ట్’.
- దాని కిందే కంప్రెషన్ రకాలు: జీజిప్, ఎక్స్‌జెడ్, ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్. మీ డిస్ట్రో వాడేది తప్పకుండా ఉండాలి. జెడ్‌స్టాండర్డ్ 5.9 కెర్నెల్ నుంచే ఉంది, అంతకంటే పాత సోర్స్ కడుతుంటే వేరేది ఎంచుకోవాలి.
- ఎగ్జిక్యూటబుల్ ఫార్మాట్లలో ఈఎల్‌ఎఫ్‌తో పాటు ‘#!’తో మొదలయ్యే స్క్రిప్టుల సపోర్ట్. /ఇనిట్ సాధారణంగా షెల్ స్క్రిప్టే. ఇది తీసేస్తే మూడో అంచెలో ఆగుతుంది.
- డివైస్ డ్రైవర్లలో ‘డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్’.
- మీ డిస్క్ డ్రైవర్: ఎన్‌వీఎంఈ, లేదా సాటా అయితే ఏహెచ్‌సీఐ, ఎస్‌సీఎస్‌ఐ డిస్క్ రెండూ. రూట్ ఫైల్‌సిస్టమ్: ఎక్కువమందికి ఈఎక్స్‌టీ4.
- 11వ తరం, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల్లో ‘వీఎండీ’ డ్రైవర్. బయోస్‌లో వీఎండీ ఆన్‌లో ఉంటే ఇది లేకుండా ఎన్‌వీఎంఈ డిస్క్ కెర్నెల్‌కి కనబడదు.

కంపైల్ తొందరగా అవుతుందని చాలామంది ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ వాడతారు. మంచిదే, కానీ అది ఆ నిమిషంలో లోడై ఉన్న మాడ్యూళ్ళనే (కెర్నెల్‌లో కలపకుండా విడి ఫైళ్ళుగా ఉంచే డ్రైవర్లు) ఉంచి మిగతావి తీసేస్తుంది. యూఎస్‌బీ కీబోర్డు పీకి ఉంటే దాని డ్రైవర్ పోతుంది. ఇంకో చిక్కు: ఇంట్లో డెస్క్‌టాప్ మీద కంపైల్ చేసి వేరే మెషీన్‌లో వాడేవాళ్ళు. ఆకివీడు వైపు చెరువు గట్టున ఆక్సిజన్ మీటరు రీడింగులు రాసుకునే చిన్న పెట్టె కోసం కెర్నెల్ కడుతున్నారనుకోండి. డెస్క్‌టాప్‌లో లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొడితే ఆ పెట్టె డ్రైవర్లే ఎగిరిపోతాయి. ఆ పెట్టెలో ‘ఎల్ఎస్‌మాడ్’ అవుట్‌పుట్‌ని ఫైల్లో రాసి తెచ్చి, ‘ఎల్ఎస్‌మాడ్=ఫైలుపేరు’ అని మేక్‌కి ఇవ్వాలి. ఆ సమాన గుర్తుకి ముందు పేరు పెద్దక్షరాల్లో ఉండాలి.

ఉబుంటు కాన్ఫిగ్ వాడితే సర్టిఫికెట్ ఫైల్ దొరకలేదని కంపైల్ మధ్యలో ఆగుతుంది. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ రెండింటి విలువలూ ఖాళీ చేయండి, సరిపోతుంది.

3. సరైన వరస

సగం గొడవలు వరస తప్పడం వల్లే. ‘లోకల్ వెర్షన్’ దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటే తరువాత వెతకడం తేలిక. ఇక్కడ ‘-కోనసీమ’ అనుకుందాం.

1. ‘మేక్ -జె4’. అంకె మీ కోర్లను బట్టి. 4 జీబీ ర్యామ్ అయితే 2కి మించొద్దు. మే నెల ఉక్కపోతలో ల్యాప్‌టాప్ కింద గాలి ఆడేలా ఏదైనా పెట్టండి, వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది.
2. ‘మేక్ కెర్నెల్‌రిలీజ్’. వచ్చిన పేరు కాగితం మీద రాసుకోండి, ఉదాహరణకు 6.6.30-కోనసీమ. గిట్ సోర్స్‌లో మార్పులు చేసి ఉంటే చివర ప్లస్ గుర్తు చేరొచ్చు. అది కూడా పేరులో భాగమే.
3. ‘సుడో మేక్ ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 మాడ్యూల్స్_ఇన్‌స్టాల్’. సమాన గుర్తుకి ముందు భాగం పెద్దక్షరాల్లో.
4. ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’. డెబియన్, ఉబుంటుల్లో సాధారణంగా ఇదే రామ్‌డిస్క్ కట్టించి గ్రబ్‌ని కూడా తాజా చేస్తుంది.
5. చేయకపోతే చేత్తో: ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -సి -కె 6.6.30-కోనసీమ’, తరువాత ‘సుడో అప్‌డేట్-గ్రబ్’.

మూడో మెట్టులో స్ట్రిప్ (డీబగ్ సమాచారం తీసేయడం) మాటని చాలామంది వదిలేస్తారు. డిస్ట్రో కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం ఆన్‌లో ఉంటుంది కాబట్టి స్ట్రిప్ చేయని మాడ్యూళ్ళతో కట్టిన రామ్‌డిస్క్ వందల ఎంబీలకు పెరుగుతుంది. అప్పుడు /బూట్ నిండిపోవడమో, గ్రబ్ ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అనడమో జరుగుతుంది. దీనికి కూడా కంపైల్ అక్కర్లేదు. 3, 5 మెట్లు మళ్ళీ చేస్తే చాలు.

మూడోది కాకుండా ఐదోది చేస్తే? కొత్త వెర్షన్ మాడ్యూళ్ళ ఫోల్డరే ఉండదు. హెచ్చరిక వస్తుంది, ఎవరూ చదవరు, ఇమేజి మాత్రం తయారవుతుంది. అందులో డ్రైవర్ ఒక్కటీ ఉండదు.

4. రీబూట్‌కి ముందే పరీక్ష

ఈ పరీక్ష చేసేవాళ్ళు తక్కువ. ఇది చేస్తే మిగతా వ్యాసంతో చాలామందికి పని పడదు.

- ‘ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్’: కొత్త ఇమేజి సైజు పాతదానికి దగ్గరగా ఉండాలి. పాతది 70 ఎంబీ, కొత్తది 12 అయితే మాడ్యూళ్ళు లేవు. 600 అయితే స్ట్రిప్ చేయలేదు.
- ‘ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’తో ఇమేజి జాబితా తీసి, మీ డిస్క్ డ్రైవర్ పేరుతో గ్రెప్ చేయండి. కనబడకపోతే కంగారు పడొద్దు, కాన్ఫిగ్‌లో అది కెర్నెల్‌లోనే కలిపి ఉండొచ్చు. మాడ్యూళ్ళ ఫోల్డర్లో ‘మాడ్యూల్స్.బిల్టిన్’ ఫైల్లో వెతకండి. రెండు చోట్లా లేకపోతే అప్పుడు కంగారు పడొచ్చు.
- ఆ జాబితాలో మాడ్యూళ్ళ ఫోల్డర్ పేరు, మీరు రాసుకున్న కెర్నెల్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటేనా?

‘ఫైల్’ కమాండుతో ఇమేజి చూసి ‘ఇది మామూలు సీపీఐఓ ఆర్కైవ్ అంటోంది, కంప్రెస్ కాలేదు’ అని గాభరాపడేవాళ్ళున్నారు. ముందు భాగంలో ప్రాసెసర్ మైక్రోకోడ్‌తో చిన్న సీపీఐఓ ఒకటి కంప్రెస్ చేయకుండా అతికించి ఉంటుంది, అసలు సరుకు దాని వెనకాల. విప్పి చూడాలంటే జీజిప్‌తో కుస్తీ పట్టకండి, ‘అన్‌ఎమ్‌కే‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ రెండింటినీ విడదీసి ఇస్తుంది.

చివరగా క్యూఎమ్‌యూలో (మెషీన్ లోపలే ఇంకో మెషీన్‌ని నడిపే ప్రోగ్రాం) ఒకసారి నడపండి. ‘క్యూఎమ్‌యూ-సిస్టమ్-ఎక్స్86_64’కి -కెర్నెల్ దగ్గర మీ వీఎమ్‌లైనజ్ (/బూట్‌లోని కెర్నెల్ ఫైల్), -ఇనిట్‌ఆర్‌డీ దగ్గర మీ ఇమేజి, -అపెండ్ దగ్గర ‘కన్సోల్=టీటీవైఎస్0’ (చివరి ఎస్ పెద్దక్షరం), మెమరీకి -ఎమ్ 1024, చివర -నోగ్రాఫిక్ ఇవ్వండి. /బూట్‌లోని కెర్నెల్ ఫైల్ చదవడానికి సుడో కావాల్సి రావొచ్చు. అక్కడ మీ డిస్క్ ఉండదు కాబట్టి చివరికి రామ్‌డిస్క్ షెల్ దగ్గర ఆగడమే సరైన ఫలితం. ఆ ప్రాంప్ట్ వచ్చిందంటే రెండు, మూడు అంచెలు దాటినట్టే. బయటికి రావడానికి కంట్రోల్-ఏ, తరువాత ఎక్స్.

5. ఆగిపోయింది. ఏ అంచెలో?

ముందు తెర మాట్లాడేలా చేయాలి. గ్రబ్ మెనూలో కొత్త కెర్నెల్ మీద ఉండి ‘ఇ’ నొక్కండి. ‘లైనక్స్’తో మొదలయ్యే వరుసలో ‘క్వయెట్’, ‘స్ప్లాష్’ తీసేసి ‘ఇగ్నోర్_లాగ్‌లెవెల్’ చేర్చి ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. మెసేజ్‌లు వేగంగా పైకి పోతుంటే ఫోన్‌తో ఫొటో కాదు, వీడియో తీయండి. తీరిగ్గా ఆపి చదువుకోవచ్చు.

అన్నీ సవ్యంగా ఉంటే మూడు వాక్యాలు వరసగా కనబడాలి: ‘ట్రయింగ్ టు అన్‌ప్యాక్ రూట్‌ఎఫ్ఎస్ ఇమేజ్’, ‘ఫ్రీయింగ్ ఇనిట్‌ఆర్‌డీ మెమరీ’, ‘రన్ /ఇనిట్ యాజ్ ఇనిట్ ప్రాసెస్’. వీటిలో ఏది రాలేదో అక్కడ ఆగండి.

మొదటి అంచె: గ్రబ్

‘బ్యాడ్ షిమ్ సిగ్నేచర్’, దాని వెంట ‘యూ నీడ్ టు లోడ్ ద కెర్నెల్ ఫస్ట్’ అంటే సెక్యూర్ బూట్. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అంటే ఇమేజి లావు.

గ్రబ్ ఏమీ అనకపోయినా ‘అన్‌ప్యాక్’ వాక్యమే రాలేదంటే, మెనూ ఎంట్రీలో ‘ఇనిట్‌ఆర్‌డీ’ వరుసే లేదేమో చూడండి. ఇమేజి తయారు కాకముందే అప్‌డేట్-గ్రబ్ నడిచి ఉంటుంది. పాత కెర్నెల్‌తో లోపలికెళ్ళి మూడో భాగంలోని ఐదో మెట్టు చేయండి. వరుస ఉండి కూడా రాలేదంటే కెర్నెల్‌లో రామ్‌డిస్క్ సపోర్టే లేదు. ఆప్షన్‌ని అసలు కెర్నెల్‌లోకే కలిపి మళ్ళీ కట్టాల్సిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

రెండో అంచె: విప్పడం

‘కంప్రెషన్ మెథడ్ నాట్ కాన్ఫిగర్డ్’ అన్నదంటే ఇమేజిని బిగించిన పద్ధతి కెర్నెల్‌కి రాదు. కెర్నెల్ మళ్ళీ కట్టనక్కర్లేదు. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్‌లో ‘కంప్రెస్’ విలువని జీజిప్ చేసి (ఆ ఆప్షన్ కాన్ఫిగ్‌లో ఉంటే) ఇమేజి తిరిగి కట్టండి.

‘ఇన్‌వాలిడ్ మ్యాజిక్’ అంటే ఫైల్ చెడింది, లేదా అది రామ్‌డిస్కే కాదు. కరెంటు పోవడం, /బూట్ నిండిపోవడం రెండూ ఇక్కడికే తెస్తాయి. ఖాళీ చేసి, తిరిగి కట్టి, ‘సింక్’ కొట్టాకే రీబూట్. ఎల్‌జెడ్4 వాడే కొన్ని ఉబుంటు మెషీన్లలో ‘డీకోడింగ్ ఫెయిల్డ్’ అని వచ్చి కూడా బూట్ మామూలుగా సాగిపోతుంది. సాగితే దాన్ని వదిలేయండి.

మూడో అంచె: /ఇనిట్

‘ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ /ఇనిట్’ పక్కన ఒక అంకె ఉంటుంది. ఫొటోలో సరిగ్గా అదే కోసుకుపోతుంది! రోగం మొత్తం ఆ అంకెలోనే ఉంది.

- మైనస్ 2: ఫైల్ దొరకలేదు. ‘/ఇనిట్ ఉందండీ, నేను చూశాను’ అంటారు. ఉండొచ్చు. దాని మొదటి వరుసలో రాసిన షెల్ లేకపోయినా, బైనరీకి కావాల్సిన డైనమిక్ లోడర్ లేకపోయినా ఇదే అంకె.
- మైనస్ 8: ఫార్మాట్ అర్థం కాలేదు. స్క్రిప్ట్ సపోర్ట్ తీసేశారు, లేదా ఏఆర్‌ఎం బైనరీని ఇంటెల్ మెషీన్‌లో పెట్టారు, లేదా స్క్రిప్ట్ మొదటి వరుస తప్పింది.
- మైనస్ 13: అనుమతి లేదు. సీహెచ్‌మాడ్‌తో ఎగ్జిక్యూట్ బిట్ ఇవ్వండి.

/ఇనిట్ మొదలై చచ్చిపోతే ‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’, పక్కన ఎగ్జిట్ కోడ్ వస్తాయి. 0ఎక్స్00007ఎఫ్00 అంటే 127, అంటే స్క్రిప్ట్ పిలిచిన కమాండ్ గానీ, లైబ్రరీ గానీ ఇమేజిలో లేదు.

నాలుగో అంచె: రూట్ డిస్క్

ఎక్కువమంది ఇక్కడికి వచ్చి పడతారు. రెండు రూపాలు.

ఒకటి, కెర్నెల్ పానిక్: ‘వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్’. బ్రాకెట్‌లో (0,0) అని ఉంటే డిస్క్ దొరకలేదు. (8,1) లాంటిదుంటే డిస్క్ దొరికింది కానీ ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ లేదు. దాని పైన ‘అవైలబుల్ పార్టిషన్స్’ జాబితా ఖాళీగా ఉంటే డిస్క్ డ్రైవరే లేదు.

ఈ పానిక్ వచ్చిందంటేనే రామ్‌డిస్క్ పని చేయలేదని అర్థం, కాబట్టి ముందు పై అంచెలు చూడండి. రామ్‌డిస్క్ అక్కర్లేదని డ్రైవర్లన్నీ కెర్నెల్‌లోనే కలిపినవాళ్ళకూ ఇదే తెర వస్తుంది. వాళ్ళు ‘రూట్=యూయూఐడీ’ అని (యూయూఐడీ అంటే ఫైల్‌సిస్టమ్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఉంటారు. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని వెతికేది రామ్‌డిస్క్, కెర్నెల్‌కి అది తెలియదు. ‘పార్ట్‌యూయూఐడీ’ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య, ఆ పేరు పెద్దక్షరాల్లో) ఇవ్వండి, దాన్ని ‘బీఎల్‌కే‌ఐడీ’ చూపిస్తుంది.

రెండోది, ‘అలర్ట్! యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని చెప్పి బిజీబాక్స్ (మామూలు కమాండ్లన్నీ ఒకే చిన్న ప్రోగ్రాంలో ఇమిడిన మూట) షెల్‌లోకి దింపడం. దీన్ని చూసి బెదిరిపోతారు గానీ, ఇది శుభవార్త. మూడు అంచెలు దాటారు, చేతిలో షెల్ ఉంది.

6. బిజీబాక్స్ షెల్‌లో ఏం చేయాలి

ఈ వరసలో:

1. ‘క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్’: రూట్ దగ్గర ఏ యూయూఐడీ ఉందో రాసుకోండి.
2. ‘బీఎల్‌కే‌ఐడీ’: అదే యూయూఐడీ ఇక్కడ ఉందా? డిస్క్ కనబడి యూయూఐడీ మాత్రం వేరైతే గ్రబ్‌లో పాతది మిగిలిపోయింది. డిస్క్ ఫార్మాట్ చేసినవాళ్ళకు, క్లోన్ చేసినవాళ్ళకు జరిగేది ఇదే.
3. డిస్కే కనబడకపోతే ‘మాడ్‌ప్రోబ్ ఎన్‌వీఎంఈ’, ‘మాడ్‌ప్రోబ్ ఏహెచ్‌సీఐ’, ‘మాడ్‌ప్రోబ్ వీఎండీ’ ఒక్కొక్కటే ప్రయత్నించి ప్రతిసారీ ‘బీఎల్‌కే‌ఐడీ’ చూడండి.
4. కనబడగానే ‘ఎగ్జిట్’. బూట్ సాగిపోతుంది.

లోపలికెళ్ళాక, పనిచేసిన ఆ మాడ్యూల్ పేరుని /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/మాడ్యూల్స్ ఫైల్లో ఒక వరుసగా చేర్చి ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు -కె’ పక్కన మీ వెర్షన్‌తో కొట్టండి. ఇక్కడ ‘-కె’ మరిచిపోతే వేరే కెర్నెల్ ఇమేజి తాజా అయి, మీది అలాగే ఉండిపోవచ్చు.

మాడ్‌ప్రోబ్ ‘వెర్షన్ మ్యాజిక్’ గురించి గొణిగితే ఇమేజిలోని మాడ్యూళ్ళు వేరే బిల్డ్‌వి. కాన్ఫిగ్ మార్చి కెర్నెల్ తిరిగి కట్టి, మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ చేయకుండా వదిలేశారు.

ఏ డ్రైవరూ వేయకుండానే, కాసేపు ఆగి చూస్తే డిస్క్ తనంతట తానే వచ్చేసి ఉంటే? యూఎస్‌బీ నుంచి బూటయ్యే చెరువు గట్టు పెట్టెల్లో ఇది మామూలు, డిస్క్ మేలుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కెర్నెల్ వరుసలో ‘రూట్‌డిలే=10’ పెట్టండి.

షెల్‌లో కీబోర్డే పనిచేయకపోతే ‘ఎక్స్‌హెచ్‌సీఐ_పీసీఐ’, ‘యూఎస్‌బీహెచ్‌ఐడీ’, ‘హెచ్‌ఐడీ_జెనరిక్’ కూడా అదే మాడ్యూల్స్ ఫైల్లో చేర్చాలి.

పానిక్ గానీ, షెల్ గానీ రాకుండా అర నిమిషం ఆగి ‘సస్పెండ్/రెజ్యూమ్ డివైస్’ కోసం చూశానని చెప్పి బూట్ సాగితే, అది పాత స్వాప్ పార్టిషన్ యూయూఐడీ. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/కాన్ఫ్.డి/రెజ్యూమ్ ఫైల్లో సరిచేసి ఇమేజి తిరిగి కట్టండి.

7. చేత్తో కట్టిన రామ్‌డిస్క్ అయితే

ప్రాజెక్టు కోసం బిజీబాక్స్‌తో సొంతంగా కట్టేవాళ్ళు పడే గోతులు ఇవి.

- సీపీఐఓకి ‘-హెచ్ న్యూసీ’ ఇవ్వలేదు. అక్కడి హెచ్ పెద్దక్షరం. కెర్నెల్‌కి పాత ఫార్మాట్ అర్థం కాదు.
- ఫోల్డర్ బయట నిలబడి ప్యాక్ చేశారు. అప్పుడు /ఇనిట్ బదులు /రూట్‌ఎఫ్ఎస్/ఇనిట్ అవుతుంది. లోపలికి వెళ్ళి ‘ఫైండ్ .’ నుంచి పైప్ చేయాలి.
- ఎక్స్‌జెడ్ మామూలుగా వేసే సీఆర్‌సీ64 చెక్‌ని కెర్నెల్ ఒప్పుకోదు. ‘--చెక్=సీఆర్‌సీ32’ ఇవ్వండి. ఎల్‌జెడ్4కి అయితే ‘-ఎల్’.
- బిజీబాక్స్‌ని స్టాటిక్‌గా కట్టలేదు. ఫలితం పైన చెప్పిన మైనస్ 2.
- /ఇనిట్ స్క్రిప్ట్‌లో డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ మౌంట్ చేయలేదు. రామ్‌డిస్క్‌లో కెర్నెల్ దాన్ని తనంతట తాను చేయదు.
- చివర్లో ‘ఎగ్జెక్’ లేకుండా స్విచ్_రూట్ (అసలు డిస్క్‌కి పని అప్పగించే కమాండ్) పిలిచారు. అది ప్రాసెస్ నంబర్ 1గా ఉంటేనే పని చేస్తుంది.

స్క్రిప్ట్ ఎక్కడ పోతోందో తెలియకపోతే కెర్నెల్ వరుసలో ‘ఆర్‌డీఇనిట్=/బిన్/ఎస్‌హెచ్’ ఇచ్చి, వచ్చిన షెల్‌లో స్క్రిప్ట్ వరుసల్ని ఒక్కొక్కటే చేత్తో కొట్టి చూడండి.

8. ఫెడోరా, ఆర్చ్

ఫెడోరాలో రామ్‌డిస్క్ కట్టేది డ్రాకట్: ‘సుడో డ్రాకట్ --ఫోర్స్ --కెవర్’ పక్కన వెర్షన్. వేరే మెషీన్ కోసం కడుతుంటే ‘--నో-హోస్ట్‌ఓన్లీ’ తప్పనిసరి. జాబితాకి ‘ఎల్ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ’. ఎమర్జెన్సీ షెల్‌లో పడితే /రన్/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కింద ‘ఆర్‌డీఎస్ఓఎస్ రిపోర్ట్’ ఫైల్ ఉంటుంది, దాన్ని యూఎస్‌బీకి కాపీ చేసుకోండి.

ఆర్చ్‌లో ఎమ్‌కే‌ఇనిట్‌సీపీఐఓ. ‘ఆటోడిటెక్ట్’ హుక్ డ్రైవర్లు కోసేస్తుంటే అది లేని ఫాల్‌బ్యాక్ ఇమేజి ఒకటి కట్టుకోండి.

9. చెడిన కెర్నెళ్ళు తీసేయడం

ప్రయోగాలు పెరిగేకొద్దీ /బూట్ నిండి, రెండో అంచెలోని సగం ఇమేజి గొడవ మళ్ళీ మొదలవుతుంది. ముందు ‘యూనేమ్ -ఆర్’ కొట్టి ఇప్పుడు నడుస్తున్నది ఏదో చూడండి, దాని జోలికి పోవద్దు. తీసేయాల్సిన వెర్షన్ పేరుతో ఉన్న ఈ ఐదూ పోవాలి:

- /బూట్‌లో వీఎమ్‌లైనజ్
- /బూట్‌లో ఇనిట్‌ఆర్‌డీ ఇమేజి
- /బూట్‌లో సిస్టమ్ మ్యాప్
- /బూట్‌లో కాన్ఫిగ్. ఇది మాత్రం ముందు ఇంకో చోట దాచుకోండి, మళ్ళీ కట్టేటప్పుడు పనికొస్తుంది.
- /లిబ్/మాడ్యూల్స్ కింద ఆ వెర్షన్ ఫోల్డర్

ఆ తరువాత ‘సుడో అప్‌డేట్-గ్రబ్’. ఇదంతా మీరు ‘మేక్ ఇన్‌స్టాల్’తో పెట్టినవాటికే. డిస్ట్రో ప్యాకేజీగా వచ్చిన కెర్నెళ్ళని చేత్తో చెరపకుండా ఆప్ట్‌తోనే తీయించండి.